బాణం మీదకి బాణం గీయనివ్వదు

ఆమోస్ అని సర్వే లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, వాడినవాళ్ళకి తెలుసు, అందులో అంతా బొమ్మలే. గుండ్రం గీస్తే అది నమ్మకం, ఇష్టం లాంటి కంటికి కనపడని విషయం (లేటెంట్ వేరియబుల్ అంటారు), డబ్బా గీస్తే మనం ఫారంలో అడిగిన ప్రశ్న, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం లాగితే అదే ఈక్వేషన్. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చేస్తున్న పని ఏంటంటే, ఒక గుండ్రంలోంచి బాణం లాగి తీసుకెళ్ళి ఇంకో బాణం నడుం మీద వదలడం. వదిలిన ప్రతిసారీ మాయమైపోయేది. పదిసార్లు చేశా. మా ఆయన పక్కనుంచి చూసి మౌస్‌లో బ్యాటరీ అయిపోయిందేమో మార్చు అన్నారు, మార్చా కూడా.

మౌస్ తప్పేం లేదు. మోడరేషన్ అంటే కారణం ఫలితం మీద చూపే ప్రభావాన్ని ఇంకోటి పెంచడమో తగ్గించడమో, ఆ మాట అనగానే ప్రతి పేపర్లోనూ అలాంటి బొమ్మే ఉంటుంది కదా, ఎడంపక్క కారణం, కుడిపక్క ఫలితం, మధ్యలో బాణం, పైనుంచి మోడరేటర్ దిగి ఆ బాణాన్ని పొడుస్తూ ఉంటుంది. చూడ్డానికి భలే అర్థమైపోతుంది. కానీ లెక్కలో బాణం అంటే ఒక అంకె, అంతే, అంకెకి ఇంకో వేరియబుల్‌ని ఎక్కడ తగిలిస్తాం. తగిలించాలంటే ఆ రెండు గుండ్రాల్ని గుణించి మూడో గుండ్రం తయారుచేసి, దాన్నుంచి మామూలు బాణం లాగాలి. ఆ మూడో గుండ్రానికి డబ్బాలు ఉండవు, ఎందుకంటే దాని గురించి మనం ఎవర్నీ ఏ ప్రశ్నా అడగలేదు. ఈ పోస్టు మొత్తం ఆ మూడో గుండ్రం గురించే, దాని వెనక పోయిన నా రెండేళ్ళ గురించి.

నేను జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్తా, పార్ట్ టైం పీహెచ్‌డీ ఎడ్యుకేషన్‌లో. నా టాపిక్ క్లాస్‌రూంలోంచే వచ్చింది. కొంతమంది పిల్లలుంటారు, చెప్పింది చెప్పినట్టు పట్టేస్తారు, తమకి వస్తుందని వాళ్ళకీ తెలుసు, కానీ ఇంట్లోవాళ్ళు నీట్ అన్నారు కాబట్టి వచ్చి కూర్చున్నారు, సబ్జెక్ట్ మీద ఏ ఇష్టమూ ఉండదు, పుస్తకం మూస్తే మళ్ళీ తెరవరు. ఇంకొంతమందికి ప్రాణం, కప్ప గుండె బొమ్మ మూడు రంగుల పెన్నులతో వేసుకొస్తారు, కానీ "నావల్ల కాదు మేడమ్" అనేది లోపల పాతుకుపోయి ఉంటుంది, వీళ్ళూ గట్టిగా చదవరు. రెండూ ఉన్నవాళ్ళే రాత్రి పదకొండింటిదాకా కూర్చుంటారు. అంటే నమ్మకం, ఇష్టం ఈ రెండింటినీ కూడితే సరిపోదు, గుణించాలి అని నాకు అనిపించింది. కూడితే 5కి సున్నా కలిపినా 5 మిగులుతుంది, గుణిస్తే ఏమీ మిగలదు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు, తర్వాత తెలిసింది. అట్కిన్సన్ అనే సైకాలజిస్టు 1957లోనే మోటివేషన్‌ని గుణకారంగా రాశాడు, గెలుస్తాననే అంచనా ఒకటి, ఆ గెలుపుకి మన దగ్గరున్న విలువ ఇంకొకటి, వీటిని గుణించాలి అని. ఎక్స్‌పెక్టెన్సీ వాల్యూ థియరీ అంటారు. విచిత్రం ఏంటంటే తర్వాత కాలంలో సర్వేలతో చేసిన పరిశోధనల్లో ఆ గుణకారం గుర్తు మెల్లగా మాయమైపోయింది, అందరూ రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్లస్ గుర్తుతో సరిపెట్టుకున్నారు. థియరీ తప్పని తేలి కాదు, వెతికితే కనపడలేదు కాబట్టి. 2011లో నాగెంగాస్ట్, మార్ష్ ఇంకొంతమంది కలిసి ఇదే ప్రశ్న పట్టుకున్నారు. పీసా అనే అంతర్జాతీయ పరీక్ష 2006 డేటా తీసుకున్నారు, 57 దేశాలు, 3,98,750 మంది పదిహేనేళ్ళ పిల్లలు, సైన్స్ వస్తుందనే నమ్మకం, సైన్స్ అంటే సరదా, ఈ రెండూ లేటెంట్ వేరియబుల్స్, వాటి గుణకారం కూడా లేటెంటే. పోయిన గుర్తు దొరికింది, దాదాపు అన్ని దేశాల్లోనూ. మన దేశం అందులో లేదు. మనవాళ్ళు ఆ తర్వాతి విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలతో మాత్రం రాయించారు, తెలుగు పిల్లలు అప్పుడూ లేరు, సరే అందుకే కదా నాకు టాపిక్ మిగిలింది అనుకున్నా.

దాదాపు నాలుగు లక్షల మందిలో దొరికింది నా దగ్గరున్న రెండొందల చిల్లర ఫారాల్లో దొరుకుతుందా అనే ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథే లేదు.

ఆ బాణం గీయడం కుదరక నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇష్టం స్కోరుని మీడియన్ దగ్గర, అంటే సరిగ్గా మధ్య స్కోరు దగ్గర, కోసేసి పైవాళ్ళు ఒక గ్రూపు, కిందవాళ్ళు ఒక గ్రూపు చేసి, మల్టీగ్రూప్ పెట్టి, అంటే ఒకే మోడల్‌ని రెండు గ్రూపుల్లో విడివిడిగా నడిపి, రెండు బాణాల అంకెలు పోల్చా. తేడా వచ్చింది, సిగ్నిఫికెంట్ కూడా, అంటే ఊరికే అదృష్టం కొద్దీ వచ్చింది కాదని, ఆ రాత్రి ఇంట్లో అందరికీ పాయసం. ప్రీ పీహెచ్‌డీ సెమినార్‌లో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన స్లయిడ్ చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏమ్మా, మీడియన్ ఎంత?" పదకొండు సార్ అన్నా. "పదకొండు వచ్చినవాడు, పన్నెండు వచ్చినవాడు వేరే వేరే గ్రూపులు, పన్నెండు వచ్చినవాడు, పదిహేను వచ్చినవాడు ఒకే గ్రూపు, అంతేనా?" అంతే సార్. ఇంకేం మాట్లాడలేదాయన, పేజీ తిప్పేశారు, ఆయన తిట్టినా బావుండేది.

మల్టీగ్రూప్‌ని నేను తక్కువ చెయ్యట్లేదు. మోడరేటర్ అబ్బాయి అమ్మాయి లాగానో, తెలుగు మీడియం ఇంగ్లీష్ మీడియం లాగానో సహజంగానే విడివిడిగా ఉంటే అదే సరైన దారి, అదీ రెండు గ్రూపుల్లోనూ ప్రశ్నలు ఒకేలా కొలుస్తున్నాయా అనేది ముందు తేల్చుకున్నాక. ఇష్టం అలాంటిది కాదు, అది రెగ్యులేటర్ తిప్పినట్టు సన్నగా పెరిగేది, దాన్ని స్విచ్ చేస్తే సమాచారం సగం పారబోసినట్టే.

రెండో పని, నమ్మకం మూడు ప్రశ్నల మార్కులు కూడి, ఇష్టం మూడు ప్రశ్నల మార్కులు కూడి, రెండు మొత్తాల్నీ గుణించి రిగ్రెషన్‌లో పెట్టడం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, తప్పు అని కూడా అనలేం, కానీ ఏం జరుగుతుందో చూడండి. మన దగ్గర ఆల్ఫా, అంటే స్కోరు ఎంత నమ్మదగిందో చెప్పే నమ్మకస్థాయి, 0.70 దాటితే చాలు అందరూ ఊపిరి పీల్చుకుంటారు కదా, అంటే ఆ స్కోరులో కనపడే తేడాల్లో 70 శాతమే నిజమైన తేడాలు, మిగతా 30 శాతం తూకం రాయి తేడా. 0.70 ఉన్న రెండు స్కోర్లని గుణిస్తే, వాటి మధ్య సంబంధం లేదనుకుంటే, ఆ లబ్ధం నమ్మకస్థాయి 0.70 ఉండదు, 0.70 × 0.70, అంటే 0.49. సంబంధం 0.40 ఉంటే కాస్త నయం, 0.56. ఈ సూత్రం బుసెమేయర్, జోన్స్ 1983లో అందరి దృష్టికీ తెచ్చారు. అంటే నా మొత్తం థీసిస్‌లో ముఖ్యమైన వేరియబుల్ ఏదైతే ఉందో దాంట్లో సగం చెత్తే. అసలు ప్రభావం 0.20 ఉన్నా కంటికి కనపడేది 0.10 దగ్గర, అది కూడా సంబంధం లేని పక్షంలో లెక్క. అట్కిన్సన్ గుణకారం ఎందుకు మాయమైందో నాకు ఇక్కడ బోధపడింది, దాన్ని ఎవరూ తియ్యలేదు, కొలతలో ఉన్న తప్పు తినేసింది.

లేటెంట్ వేరియబుల్ అనే ఆలోచన పుట్టిందే ఈ తప్పుని విడదీయడానికి కదా. మామూలు బాణాలకి అది చక్కగా చేస్తుంది. గుణకారం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చేతులెత్తేస్తుందో కాగితం మీద రాసుకుంటే తెలిసింది. పిల్లాడు నమ్మకం ప్రశ్నకి టిక్కు పెట్టిన అంకెలో రెండు ఉన్నాయి, అసలు నమ్మకం, ఆ రోజు చేయి జారిన తప్పు. ఇష్టం ప్రశ్నలోనూ అంతే. ఈ రెండు అంకెల్ని గుణిస్తే నాలుగు ముక్కలొస్తాయి, అసలు × అసలు, అసలు × తప్పు, తప్పు × అసలు, తప్పు × తప్పు. నాకు కావాల్సింది మొదటి ముక్క, మిగతా మూడూ దాన్ని అంటిపెట్టుకుని వచ్చిన చుట్టాలు. పైగా రెండో ముక్కలోనూ మూడో ముక్కలోనూ అసలు విషయం కూడా కలిసి ఉంది కాబట్టి వాటిని ఉత్త తప్పు కింద కొట్టిపారేయడానికీ లేదు.

కెన్నీ, జడ్ అనే ఇద్దరు 1984లో ఈ నాలుగు ముక్కల్నీ పద్దు రాసినట్టు రాశారు. ఈ కెన్నీ ఎవరో కాదు, మీడియేటర్ వేరు మోడరేటర్ వేరు అని 1986లో బ్యారన్‌తో కలిసి రాసినాయనే, ఆ పేపర్ పేరు రాయకుండా మన దగ్గర థీసిస్ బైండింగ్‌కి వెళ్ళదు, రెండేళ్ళ ముందు రాసిన ఈ పేపర్ మాత్రం తెరిచేవాళ్ళు తక్కువ. వాళ్ళ ఉపాయం ఏంటంటే ప్రశ్నలకి ప్రశ్నల్ని గుణించి కొత్త డబ్బాలు తయారుచేయడం. మూడో గుండ్రానికి డబ్బాలు లేవన్నానే, అవే ఇవి. నమ్మకం మొదటి ప్రశ్న × ఇష్టం మొదటి ప్రశ్న ఒక డబ్బా, మొదటిది × రెండోది ఇంకో డబ్బా, అలా మూడు మూళ్ళు తొమ్మిది. ఒక్కో డబ్బా బలం, అంటే అది తన గుండ్రాన్ని ఎంత గట్టిగా చూపిస్తుందనేది, ఎంతుండాలో కొత్తగా అంచనా వెయ్యక్కర్లేదు, పాత బలాలు రెండింటి గుణకారమే. ఆ తప్పుల వేరియన్స్, అంటే హెచ్చుతగ్గుల కొలత, కూడా అంతే, పాతవాటి నుంచే లెక్కకట్టి బిగించేయాలి. చెప్పడానికి బావుంది, ఆ బిగింపులన్నీ మోడల్‌కి రాసివ్వడం మాత్రం నరకం. అప్పటి లిస్రెల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి గుణకారం షరతులు నేరుగా పెట్టే వీల్లేక వాళ్ళు వేరే ప్రోగ్రామ్ వాడుకున్నారు.

ఇంకో చిక్కు ఉంది, నాకు బాగా నచ్చిన చిక్కు. నమ్మకం సగటు సున్నా, ఇష్టం సగటు సున్నా చేసేశాం అనుకోండి, రెండింటి గుణకారం సగటు ఎంత? సున్నా అనే అంటారు, నేనూ అన్నా. కాదు. రెండింటికీ సంబంధం ఉంటే, నమ్మకం ఎక్కువున్నవాడికి ఇష్టం కూడా ఎక్కువే ఉంటుంది, ప్లస్ ఇంటూ ప్లస్ ప్లస్, తక్కువున్నవాడికి రెండూ తక్కువే, మైనస్ ఇంటూ మైనస్ మళ్ళీ ప్లస్సే. అన్నీ ప్లస్సులే పడుతుంటే సగటు సున్నా ఎలా ఔతుంది. అది సరిగ్గా ఆ రెండింటి కోవేరియన్స్ అంత, అంటే రెండూ ఎంత కలిసి కదులుతాయో ఆ కొలత అంత, ఉంటుంది. 1984 పేపర్ సగటుల సంగతి వదిలేసింది, 1996లో యోరెస్కాగ్, యాంగ్ వచ్చి అలా వదిలేస్తే కుదరదు, సగటులు కూడా మోడల్‌లో ఉండాలి అని చెప్పారు. మళ్ళీ 2010లో ఇంకో చిన్న చిట్కా వచ్చింది, డబుల్ మీన్ సెంటరింగ్. ముందు ప్రశ్నల్ని సెంటర్ చెయ్యి, అంటే సగటు తీసేసి సున్నా చెయ్యి, గుణించు, వచ్చిన లబ్ధాల్ని మళ్ళీ సెంటర్ చెయ్యి. బియ్యం రెండుసార్లు కడిగినట్టు. అలా చేస్తే సగటుల గొడవే ఉండదు. అన్నేళ్ళ తలనొప్పి ఇంత చిన్న పనితో పోయింది.

బిగింపుల నరకం కూడా 2004లో తగ్గింది. మార్ష్, వెన్, హౌ ముగ్గురూ కలిసి ఆ షరతులన్నీ తీసేసి చూశారు, మామూలు ఫ్యాక్టర్ లాగానే డబ్బాల బలాలు స్వేచ్ఛగా వదిలేసినా ఫలితం బాగానే వస్తోంది, పైగా డేటా నార్మల్‌గా, అంటే మధ్యలో ఎక్కువ అంచుల్లో తక్కువగా గంట ఆకారంలో, లేకపోతే ఇదే నయం అని తేల్చారు. తొమ్మిది డబ్బాలు కూడా వద్దు, జతలు కట్టు చాలన్నారు, ఒక్కో ప్రశ్న ఒక్కసారే వాడాలి, రెండుసార్లు వాడితే దాని తప్పు రెండు డబ్బాల్లోకి పాకి అవి ఒకదాంతో ఒకటి చుట్టరికం కలుపుకుంటాయి. ఇదంతా ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సెమ్‌టూల్స్ అనే ప్యాకేజీలో ఒక్క ఫంక్షన్‌తో అయిపోతుంది, మోడల్ నడపడానికి లావాన్, రెండూ ఫ్రీ. ఆమోస్‌లో నాలుగు రోజులు చేతితో చేసిన పని లావాన్‌లో ఏడు లైన్లు. నాకు కోడింగ్ రాదు అని భయపడేవాళ్ళు భయపడకండి, నేను జువాలజీ టీచర్ని.

ఇక్కడ నేను తప్పుదారి పట్టిన మాట కూడా చెప్పాలి. జతలు ఎలా కట్టాలి అనేది మన ఇష్టం. బలమైన ప్రశ్నకి బలమైన ప్రశ్నని కలపమంటారు, నేను అలా కలిపితే ఇంటరాక్షన్, అంటే ఆ గుణకారం ప్రభావం, కాస్తలో సిగ్నిఫికెంట్ కాకుండా తప్పిపోయింది. వేరేలా కలిపా. ఇంకోలా కలిపా. మూడు ప్రశ్నల్ని మూడు ప్రశ్నలతో ఆరు రకాలుగా జతకట్టొచ్చు, ఆరూ కట్టా, ఒకదాంట్లో పీ విలువ 0.05 కిందకి వచ్చింది, అంటే సిగ్నిఫికెంట్, దాన్ని సేవ్ చేసి పడుకున్నా. పొద్దున లేచి కాఫీ తాగుతూ ఆలోచిస్తే ఇది మీడియన్ దగ్గర కొయ్యడం కన్నా ఏం గొప్ప అనిపించింది. పెళ్ళిచూపుల్లో ఆరుగుర్ని చూసి నచ్చినవాడికి ముహూర్తం పెట్టుకుని, చూసింది వీణ్ణొక్కణ్ణే అని చెప్పినట్టు. డిలీట్ చేశా.

ఫిట్, అంటే మోడల్ డేటాకి ఎంత సరిపోయిందనేది, కూడా అంతంత మాత్రంగా ఉండేది, మోడిఫికేషన్ ఇండెక్స్‌లు అనే అంకెలతో సాఫ్ట్‌వేర్ అక్కడో కోవేరియన్స్ ఇక్కడో కోవేరియన్స్ కలిపితే బాగుపడుతుందని చూపించేది. ఈ ఇండెక్స్ వెనకున్న పరీక్ష మన సి.ఆర్. రావు గారిది, 1948లో ఆయన పెట్టిన స్కోర్ టెస్ట్. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్ళినాయన, 2023లో 102 ఏళ్ళకి పోయారు. స్కోర్ టెస్ట్ అందం ఏంటంటే కొత్త బాణం పెట్టి మోడల్ మళ్ళీ నడపక్కర్లేదు, ఉన్న మోడల్ దగ్గరే నిలబడి ఆ బాణం పెడితే ఎంత లాభమో సుమారుగా చెప్పేస్తుంది. అంత పొదుపైన పరీక్షని మేము ఫిట్ 0.90 దాటించడానికి చీటికీ మాటికీ నొక్కే బటన్ చేశాం, నేను కూడా.

తర్వాత ఒక సీనియర్ అక్క ఎల్.ఎం.ఎస్. చూడవే అంది. క్లైన్, మూస్‌బ్రుగ్గర్ 2000లో రాసిన పద్ధతి, ఎంప్లస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌విత్ అనే మాటతో వస్తుంది. దీంట్లో డబ్బాలు గుణించడం ఉండదు, జతలు కట్టడం ఉండదు, కాబట్టి మోసం చేసుకునే ఛాన్స్ కూడా తక్కువ. ఆలోచన ఏంటో నాకు అర్థం కావడానికి నెల పట్టింది, అర్థమయ్యాక భలే ముచ్చటేసింది. మొత్తం చూస్తే రెండు నార్మల్ వేరియబుల్స్ గుణకారం నార్మల్ కాదు, అందుకే మామూలు మాగ్జిమమ్ లైక్లీహుడ్ లెక్క (డేటాకి బాగా సరిపడే అంకెలు వెతికేది) చెడిపోతుంది, అది మనకి తెలుసు. కానీ ఇష్టాన్ని ఒక విలువ దగ్గర కదలకుండా పట్టుకున్నామనుకోండి, ఇష్టం సరిగ్గా ఇంతే ఉన్న పిల్లలు మాత్రమే అనుకోండి, అప్పుడు గుణకారం ఎక్కడుంది? ఒక స్థిరమైన అంకెతో గుణించడమే కదా, అంటే సరళరేఖే, ఆ పిల్లల వరకు అంతా నార్మలే. కాబట్టి మొత్తం పిల్లలంటే ఇలాంటి నార్మల్ గుంపులు బోలెడు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఒక్కో గుంపులో వాలు ఒక్కోలా. ఆ పేర్పుని లెక్కకడితే ఇంటరాక్షన్ బయటికి వస్తుంది. నాకైతే మా తాతగారి పొలం గుర్తొచ్చింది, దూరం నుంచి చూస్తే గట్టు వంకరగా ఉంటుంది, నడుస్తూ చూస్తే ఏ నాలుగు అడుగులూ వంకర కాదు.

లోటుపాట్లు ఉన్నాయి. లేటెంట్ వేరియబుల్స్ నార్మల్ అని ముందే ఒప్పుకోవాలి. మన పిల్లల "ఇష్టం" ఎక్కడ నార్మల్, క్లాస్‌లో మేడమ్ నిలబడి చూస్తుంటే అందరూ 4, 5 మీదే టిక్కు పెడతారు. అంత ఒరిగిపోయి ఉంటే ఎల్.ఎం.ఎస్. ఇచ్చే అంకెని అనుమానంగానే చూడాలి. ఇంకోటి, ఫిట్ ఇండెక్స్‌లు ఇవ్వదు, సీఎఫ్ఐ లేదు ఆర్‌ఎమ్‌ఎస్‌ఈఏ లేదు, మా గైడ్ సార్‌కి ఆ టేబుల్ లేకపోతే ముద్ద దిగదు. అందుకని ముందు ఇంటరాక్షన్ లేని మోడల్ ఫిట్ చూపించి, తర్వాత ఇంటరాక్షన్ పెట్టి రెండు లాగ్ లైక్లీహుడ్‌ల తేడాని రెట్టింపు చేసి 3.84 (సిగ్నిఫికెంట్ అనడానికి హద్దు) దాటిందా లేదా చూస్తారు, అదీ కాక ఎ.ఐ.సి., బి.ఐ.సి. అని మోడళ్ళని పోల్చే అంకెలు కూడా చూస్తారు. ఎంప్లస్ కొనేంత డబ్బు లేదంటే ఇప్పుడు ఆర్‌లో మాడ్‌సెమ్ అని ప్యాకేజీ వచ్చింది, ఎల్.ఎం.ఎస్. కూడా అందులో ఉంది, డబుల్ సెంటరింగ్ కూడా ఉంది, రెండూ నడిపి పక్కపక్కన పెట్టుకోవచ్చు. నేను చివరికి చేసింది అదే.

స్మార్ట్ పీఎల్‌ఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఐదు నిమిషాల్లో ఐపోతుంది కదా అక్కా ఇంత గోల దేనికి అని ఒక ఎంబీఏ తమ్ముడు అడిగాడు. ఐపోతుంది. మామూలు పీఎల్‌ఎస్ కట్టేది ప్రశ్నల మొత్తం లాంటిదే, బరువులు వేసి కూడిన మొత్తం, కొలతలో తప్పు దాంట్లోనే ఉంటుంది, రెండు మొత్తాలు గుణిస్తే నేను పైన చెప్పిన 0.49 కథ మళ్ళీ మొదలు. అంచనాలు వెయ్యడానికి పనికొస్తుందేమో, థియరీలో ఇంటూ గుర్తు ఉందా లేదా తేల్చడానికి నేనైతే వాడను. కోపం వస్తే రానీ.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. నా డేటాలో నమ్మకానికీ ఇష్టానికీ సంబంధం చాలా ఎక్కువ. అంత ఎక్కువున్నప్పుడు నమ్మకాన్ని ఇష్టంతో గుణించినా, నమ్మకాన్ని నమ్మకంతోనే గుణించినా దాదాపు ఒకే అంకె వస్తుంది. అంటే నేను ఇంటరాక్షన్ అనుకుంటున్నది నిజానికి ఒక్క నమ్మకం వంపు అయ్యుండొచ్చు, నమ్మకం పెరిగేకొద్దీ చదువు ఇంకా వేగంగా పెరగడం, దాంట్లో ఇష్టానికి పాత్రే లేకపోవచ్చు. తేల్చాలంటే రెండు వర్గాల్నీ, అంటే స్క్వేర్ టర్మ్స్‌ని కూడా, మోడల్‌లో పెట్టాలి. పెడితే మూడు గుండ్రాలు ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటాయి, స్టాండర్డ్ ఎర్రర్లు, అంటే అంచనాల్లో ఊగిసలాట, ఆకాశానికి పోతాయి. నా దాంట్లో అదే జరిగింది. నమ్మకం ఎక్కువ ఇష్టం తక్కువ ఉన్న పిల్లలు, ఇష్టం ఎక్కువ నమ్మకం తక్కువ ఉన్న పిల్లలు, మొదట్లో చెప్పానే, నాకు టాపిక్ ఇచ్చిన పిల్లలు, వాళ్ళు డేటాలో చాలా తక్కువమంది. క్లాసులో వాళ్ళే కళ్ళల్లో పడతారు, ఫారాల్లో లెక్కపెడితే వేళ్ళ మీద. ఇంటరాక్షన్ తెలిసేది ఆ మూలల్లో ఉన్నవాళ్ళ వల్లే, మధ్యలో ఉన్నవాళ్ళు ఎంతమందున్నా దాని గురించి ఏమీ చెప్పరు. ప్రయోగశాలలో అయితే మూలల్లో మనుషుల్ని మనమే నింపుకోవచ్చు, సర్వేలో వచ్చినవాళ్ళే వచ్చారు. మెక్‌లెలాండ్‌తో కలిసి ఇదంతా 1993లో లెక్కలతో సహా చూపించింది కూడా పైన చెప్పిన జడ్‌గారే.

శాంపిల్ లెక్క నేను చెయ్యాల్సింది మొదట, చేసింది ఆఖర్న. మోడరేషన్ ఎఫెక్ట్ సైజుని ఎఫ్ స్క్వేర్ అంటారు, కోహెన్ అనే సైకాలజిస్టు 0.02ని చిన్నది అన్నాడు. ఆ చిన్నదాన్ని నూటికి ఎనభై సార్లు పట్టుకోవాలంటే దాదాపు 400 మంది కావాలి. అది కూడా తప్పులేని కొలతలకి. మరి నిజంగా పేపర్లలో వస్తున్న సైజులెంత అంటే, అగ్వినిస్ బృందం 1969 నుంచి 1998 దాకా ముప్ఫై ఏళ్ళ పేపర్లు తిరగేసి, గ్రూపుల్ని మోడరేటర్‌గా పెట్టినవాటిలో మధ్యస్థ విలువ 0.002 అని 2005లో చెప్పింది. కోహెన్ చిన్నది అన్నదాంట్లో పదో వంతు. దానికి సుమారు 3,900 మంది కావాలి. నా రెండొందల చిల్లర ఫారాలు అప్పుడు నా కళ్ళముందు కదిలాయి, వాటికోసం మూడు కాలేజీలు తిరిగా, ఒక ప్రిన్సిపాల్ గారి గది బయట రెండు గంటలు నిలబడ్డా.

లేటెంట్ మోడల్ పెడితే ఈ సమస్య తీరుతుందని నేను చాలాకాలం నమ్మా, చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. తీరదు. తప్పు తినేసిన సైజుని అది తిరిగి తెస్తుంది, 0.10ని మళ్ళీ 0.20 చేస్తుంది, దాంతోపాటు స్టాండర్డ్ ఎర్రర్‌ని కూడా సాగదీస్తుంది. మసక కళ్ళజోడు తుడిచినట్టే కానీ చీకట్లో దీపం పెట్టినట్టు కాదు. మనుషులు తక్కువైతే తక్కువే.

ఇంకో చిన్న సంగతి, ఎవరికైనా పనికొస్తుంది. గుణించిన డబ్బాలతో చేసినప్పుడు స్టాండర్డైజ్డ్ కాలమ్‌లో ఇంటరాక్షన్ పక్కన వచ్చే అంకెని ఎత్తి రాసేయకండి. సాఫ్ట్‌వేర్‌కి అది గుణకారం అని తెలీదు, మూడో మామూలు గుండ్రం అనుకుని దాని సొంత ఎస్.డి.తో, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌తో, గుణిస్తుంది. మనకి కావాల్సింది నమ్మకం ఎస్.డి. ఇంటూ ఇష్టం ఎస్.డి., దాన్ని ఫలితం ఎస్.డి.తో భాగించాలి. ఇది నేను రెండు పేపర్లలో తప్పుగా అచ్చయి ఉండటం చూశా, పేర్లు వద్దు, రేపు నాదాంట్లోనూ ఎవరో ఏదో పట్టుకుంటారు. సగటుకి ఒక ఎస్.డి. పైన, ఒక ఎస్.డి. కింద వాలులు గీసి చూపించడం అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను.

చివరికి ఏమైంది అంటే, డబుల్ సెంటరింగ్‌లోనూ ఎల్.ఎం.ఎస్.లోనూ అంకె ప్లస్సే వచ్చింది, దాదాపు ఒకేలా వచ్చింది, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు అంకె ఉండగలిగే పరిధి, మాత్రం సున్నాకి అటూ ఇటూ కాళ్ళు చాపుకుని కూర్చుంది. హైపాథసిస్ 4, అంటే ఆ గుణకారం, సపోర్ట్ కాలేదు అని రాశా. గైడ్ సార్ చాప్టర్ చదివి ఫోన్ చేసి "మొన్న సెమినార్‌లో సిగ్నిఫికెంట్ అన్నావు కదమ్మా" అన్నారు. అది మీడియన్ స్ప్లిట్ సార్ అన్నా. కాసేపు మౌనం. "మరి ఇంత చేసి ఏం తేలింది?" ఉందని చెప్పేంత మంది లేరు సార్, లేదని చెప్పేంత మందీ లేరు అన్నా. "అదే వాక్యం డిస్కషన్‌లో పెట్టు, ఇంగ్లీష్‌లో కాస్త గంభీరంగా రాయి" అని పెట్టేశారు. ఆయన ఒప్పుకుంటారని నేను అనుకోలేదు.

థీసిస్ ఇప్పుడు బైండింగ్‌కి ఇచ్చా. మొదటి చాప్టర్లో మోడల్ బొమ్మ ఉండాలి కదా, ఎడంపక్క నమ్మకం, కుడిపక్క చదువు, పైనుంచి ఇష్టం దిగి మధ్య బాణాన్ని పొడవాలి. దాన్ని పవర్‌పాయింట్‌లో గీశా, అక్కడ బాణం మీదకి బాణం ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతుంది.